స్కూల్లో నైపుణ్య పోటీలు పెడితే పిల్లలకు నిజంగా పని వస్తుందా?

నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ స్కూల్లో 8, 9, 10 తరగతుల పిల్లలకు వైరింగ్, చెక్కపని, కుట్టుపని లాంటి వాటిలో పోటీ పెట్టే బాధ్యత మీకు అప్పగించారు. ఇంతకుముందు పెట్టిన మోడళ్ల ప్రదర్శనలో పెద్దవాళ్లు ఇంట్లో చేసిచ్చినవే బహుమతులు గెలుచుకున్నాయి. ఈసారీ అలాగే అయితే ఇంత శ్రమా దేనికని మీ బాధ. పోటీ వల్ల పిల్లలకు అసలు పని వస్తుందా, వస్తే పోటీని ఎలా పెట్టాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. వస్తుంది. కాకపోతే పోటీ రోజున రాదు, దానికి ముందు గడిచే వారాల్లో వస్తుంది. అందుకే పోటీ రోజు కార్యక్రమం గురించి ఆలోచించే ముందు ఆ వారాల గురించి ఆలోచించండి. పోటీలో ఇచ్చే పని ప్రతి విద్యార్థీ ముందే తన చేతులతో సాధన చేసిన పని అయి ఉండాలి. దాన్ని అక్కడే, అందరికీ ఒకే సామాను ఇచ్చి, అందరి ఎదుట చేయించాలి. మార్కులు కొలతను బట్టి పడాలి. ఈ మూడూ కుదిరితే మీరు భయపడుతున్న సమస్యలు చాలావరకు రావు.

నేను ఎలక్ట్రికల్, ఫిట్టింగ్ (లోహపు ముక్కలను కొలతకు రాకి అమర్చే పని) నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ని. స్కూలు పిల్లలకు పోటీలు నిర్వహించాను, వేరే చోట్ల జడ్జిగా కూర్చున్నాను. కింద చెప్పేదంతా ఆ పనిలో నేను చూసినదే.

ముందు మోడళ్ల సంగతి. ఇంటి దగ్గర చేసి తెచ్చే వస్తువుకు మార్కులు వేస్తున్నంతకాలం దాన్ని ఎవరు చేశారో తేల్చడం జడ్జీల వల్ల కాదు. పిల్లాడిని నాలుగు ప్రశ్నలు అడిగి కనిపెట్టేస్తామనుకుంటాం. బట్టీపట్టిన జవాబులు చక్కగా చెప్పేవాడికి మార్కులు పడతాయి. నిజంగా చేసినా మాట తడబడే పిల్ల వెనకబడుతుంది. అందుకని ప్రదర్శన, పోటీ రెండూ వేరువేరుగా పెట్టుకోండి. ప్రదర్శనకు బహుమతులు వద్దు, అందరూ చూసి ఆనందించనివ్వండి. పోటీలోకి మాత్రం ఇంటినుంచి ఏ వస్తువూ రాకూడదు. పనిముట్లు, ముడిసామాను, డ్రాయింగ్ అన్నీ బల్ల మీద మీరే పెట్టాలి.

యువకులకు వృత్తి నైపుణ్యాల్లో ప్రపంచ స్థాయిలో జరిగే వరల్డ్‌స్కిల్స్ పోటీల్లో కూడా పనిని అక్కడే, అందరి ఎదుటే చేయిస్తారు. వాటి పుట్టుక తెలుసుకుంటే మీ పనికి ఒక దారి దొరుకుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత స్పెయిన్‌లో పనితెలిసిన కార్మికుల కొరత బాగా ఉండేది. కుర్రవాళ్లకు వృత్తి విద్య మీద మోజు లేదు, తల్లిదండ్రులకు నమ్మకం లేదు. ఆ పరిస్థితిని మార్చడానికి 1947లో అక్కడ జాతీయ స్థాయి పోటీ పెట్టారు. 1950లో స్పెయిన్, పోర్చుగల్ యువకులు కలిసి మాడ్రిడ్‌లో పోటీపడ్డారు. 1958లో మొదటిసారి స్పెయిన్ దాటి బ్రసెల్స్‌లో, 1970లో టోక్యోలో జరిగాయి. ఇప్పుడు రెండేళ్లకోసారి జరుగుతున్నాయి. 2019లో రష్యాలోని కజాన్, 2024లో ఫ్రాన్స్‌లోని లియోన్ వేదికలయ్యాయి. ఇందులో నన్ను ఆకట్టుకునే సంగతి ఒకటుంది. మొదలుపెట్టినవాళ్ల గురి పోటీపడే కుర్రవాళ్ల మీద మాత్రమే లేదు. చూడటానికి వచ్చే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, యజమానులు కూడా చేతిపనికి విలువ ఇవ్వాలన్నది వాళ్ల ఆలోచన. మీ స్కూలు పోటీ విషయంలో కూడా ప్రేక్షకులు ఎవరన్నది చిన్న విషయం కాదు. దాని గురించి కింద చెబుతాను.

ఏ పని ఇవ్వాలి

చాలా పోటీలు ఇక్కడే దెబ్బతింటాయి. "మీకు నచ్చినది తయారు చేయండి" అంటే వినడానికి బాగుంటుంది కానీ, ఒకడు లిఫ్ట్ మోడల్, ఇంకొకడు పెన్ను స్టాండు చేస్తే రెండింటినీ ఏ కొలతతో పోలుస్తాం? స్కూలు స్థాయిలో పని చిన్నదిగా, కొలవగలిగేదిగా, రెండు మూడు గంటల్లో ముగిసేదిగా ఉండాలి. చిన్న పనే అయినా నేర్చినవాడికీ నేర్వనివాడికీ తేడా స్పష్టంగా కనబడాలి.

వైరింగ్‌లో నాకు బాగా నచ్చిన పని మెట్ల లైటు సర్క్యూట్. చెక్కబోర్డు మీద రెండు టూ-వే స్విచ్‌లు, ఒక బల్బు. ఏ స్విచ్‌తోనైనా బల్బు వెలగాలి, ఏ స్విచ్‌తోనైనా ఆరాలి. సరఫరా 12 వోల్టులే. ఈ ఒక్క బోర్డులో ఎంత ఉందో చూడండి. డ్రాయింగ్ చదవాలి, కొలిచి గుర్తు పెట్టాలి, వైరు తగినంతే కోయాలి, తొడుగు తీయాలి, స్క్రూ బిగించాలి, చివర్లో పరీక్షించాలి. తొడుగు తీసేటప్పుడు బ్లేడు లోపలి రాగి తీగకు తగిలితే అక్కడ సన్నని గాటు పడుతుంది. తర్వాత ఎప్పుడో సరిగ్గా అక్కడే తెగుతుంది. ఆ గాటు ఉందో లేదో చూస్తే పిల్లవాడు ఎంత సాధన చేశాడో చెప్పేయొచ్చు.

ఫిట్టింగ్‌లో ఒక చిన్న ఇనుప పలకను ఆకురాయితో రాకి నాలుగు మూలలూ సరిగ్గా 90 డిగ్రీలకు తీసుకురావడం చాలు. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుగు కనబడుతుందో లేదో పిల్లవాడే చూసుకోగలడు. చెక్కపనిలో రెండు ముక్కలను సగం సగం చెక్కి ఒకదానిలో ఒకటి కూర్చే హాఫ్-ల్యాప్ జాయింట్ మంచిది. సందులో కాగితం ముక్క దూరుతుందా అన్నదే పరీక్ష. కుట్టుపనిలో గుడ్డముక్క మీద వరసగా నాలుగు కాజాలు, వాటికి ఎదురుగా నాలుగు గుండీలు. ఎడం సమానంగా ఉండాలి, గుండీ బలవంతం లేకుండా దూరాలి, దారం చివర్లు బయటకు కనబడకూడదు. కంప్యూటర్ మీద పనిచేసే పిల్లలకు తప్పులున్న లెక్కల పట్టిక ఒకటి ఇచ్చి సరిచేయమనండి.

6, 7 తరగతుల పిల్లలు కూడా చేరతామంటే వాళ్లను వైరింగ్, చెక్కపని లాంటి ట్రేడ్‌లోకి దించకండి. కొలవడం, గీత గీయడం, కత్తిరించడం, అతికించడం చాలు. అట్టముక్కతో డ్రాయింగ్ ప్రకారం మూతున్న పెట్టె చేయమనండి. మూత సరిగ్గా పడితే కొలత వచ్చినట్టే.

లోపం కనిపెట్టే పోటీని తప్పకుండా చేర్చండి

ఇది విడిగా చెప్పడానికి కారణముంది. తయారుచేసే పోటీలో చేతి నేర్పు తెలుస్తుంది. లోపం కనిపెట్టే పోటీలో ఆలోచనా క్రమం తెలుస్తుంది. సామాను ఖర్చు దాదాపు ఉండదు, ఎందుకంటే అవే బోర్డులు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

ముందు చెప్పిన మెట్ల లైటు బోర్డులనే తీసుకుని ఒక్కోదానిలో అవే మూడు లోపాలు పెట్టండి. ఒక వైరు తొడుగు లోపల తెగి ఉండాలి, పైకి బాగానే కనబడాలి. ఒక స్క్రూ బిగించినట్టే ఉండి వదులుగా ఉండాలి. ఒక టూ-వే స్విచ్‌లో మధ్య వైరు, పక్క వైరు తారుమారై ఉండాలి. మూడోది తమాషాగా ఉంటుంది. బల్బు కొన్నిసార్లు వెలుగుతుంది, కొన్నిసార్లు వెలగదు. పిల్లలు బల్బునో సరఫరానో అనుమానిస్తారు.

ఒక పోటీలో చూసిన సంగతి చెబుతాను. చురుకైన ఒక కుర్రాడు వైర్లన్నీ ఊడదీసి మళ్లీ బిగించాడు. బల్బు వెలిగింది, అందరికంటే ముందు చెయ్యెత్తాడు. పక్క బల్ల దగ్గరున్న అమ్మాయి మల్టీమీటర్ పట్టుకుని సరఫరా దగ్గర మొదలుపెట్టి, ఒక్కో బిందువు దగ్గర వోల్టేజీ చూసుకుంటూ, కాగితం మీద రాసుకుంటూ బల్బు వైపు వెళ్లింది. ఆమెకు చాలా ఎక్కువ సమయం పట్టింది. కుర్రాడిని "లోపం ఎక్కడుంది?" అని అడిగితే చెప్పలేకపోయాడు. ఆమె మూడు లోపాలనూ చూపించి, ఒక్కోదాని వల్ల ఏం జరుగుతుందో చెప్పింది. నిజమైన పనిలో, ఒక పెద్ద యంత్రంలో వైర్లన్నీ ఊడదీసి బిగించడం కుదరదు కదా. అందుకే ఈ పోటీలో సగం మార్కులు బాగుచేసినందుకు, సగం మార్కులు రాసిన కాగితానికి ఇవ్వాలని నేను గట్టిగా చెబుతాను. కాగితంలో మూడు గడులు చాలు: ఏం గమనించాను, ఎక్కడ ఏం కొలిచాను, లోపం ఏమిటి. పిల్లలు ఏ భాషలో ఆలోచిస్తే ఆ భాషలోనే రాయనివ్వండి. తేట తెలుగులో రాసినా, తప్పుల తెలుగులో రాసినా మార్కుల్లో తేడా ఉండకూడదు.

మార్కులు వేయడం

దీనికి మీరు ఎక్కువ సమయం పెట్టాలి. పోటీ మీద పిల్లలకు నమ్మకం కుదిరేదీ, పోయేదీ ఇక్కడే.

వరల్డ్‌స్కిల్స్‌లో మార్కులు రెండు రకాలు. ఒకటి కొలత. పొడవు డ్రాయింగ్‌లో ఉన్నట్టు ఉందా, బల్బు వెలిగిందా, ఇలా అవును-కాదు అని తేలిపోయేవి. రెండోది నిర్ణయం. పనితనం ఎంత నీటుగా ఉంది లాంటివి. రెండోదానికి 0 నుంచి 3 వరకు మెట్లుంటాయి. పరిశ్రమలో ఒప్పుకునే స్థాయికి తక్కువైతే 0, ఆ స్థాయి అందుకుంటే 1, దాన్ని కొంత మించితే 2, అద్భుతంగా ఉంటే 3. ముగ్గురు నిపుణులు విడివిడిగా అంకె అనుకుని ఒకేసారి చూపిస్తారు. తేడా ఒకటికి మించితే మాట్లాడుకుని మళ్లీ వేస్తారు.

మీరు ఈ పద్ధతిని యథాతథంగా వాడుకోవచ్చు. అంకెలు రాసిన అట్టముక్కలు ఉంటే సరిపోతుంది. ఒకేసారి చూపించడం ఎందుకంత ముఖ్యమో జడ్జిగా కూర్చుంటే తెలుస్తుంది. సీనియర్ జడ్జి ముందు నోరు తెరిస్తే మిగతా ఇద్దరి అంకెలూ అటే జరుగుతాయి. వాళ్లేమీ పక్షపాతులు కారు, పెద్దాయన మాట మీద గౌరవం, అంతే.

ఇంకొన్ని జాగ్రత్తలు:

పేర్లు వద్దు, నంబర్లే ఉండాలి. పిల్లలు గది వదిలి వెళ్లాక మార్కులు వేయండి. ఏ బోర్డు ఎవరిదో జడ్జీలకు తెలియకూడదు. సొంత క్లాసు టీచరు తన పిల్లలకు మార్కులు వేయకూడదు.

కొలత భాగం నూటికి 70కి తగ్గకుండా చూడండి. స్కూలు స్థాయిలో జడ్జీలందరూ ఆ ట్రేడ్‌లో ఆరితేరినవాళ్లు దొరకరు. కొలత అయితే లెక్కల టీచరైనా స్కేలు పెట్టి న్యాయంగా వేయగలరు.

మార్కుల కాగితం పిల్లలకు ముందే ఇవ్వండి. సాధన మొదలైన రోజే ఇవ్వాలి. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు. "టెర్మినల్ (వైరు బిగించే చోటు) బయట రాగి కనబడితే మార్కు పోతుంది" అని ముందే తెలిస్తే పిల్లలు తమ పనిని తామే తనిఖీ చేసుకోవడం మొదలుపెడతారు. ఈ ఒక్క అలవాటు కోసమైనా పోటీ పెట్టవచ్చని నా అభిప్రాయం.

వేగానికి విడిగా మార్కులు వద్దు. గడువు ఉంటుంది, గడువులోపల పూర్తయితే చాలు. వేగానికి మార్కులు పెట్టిన చోట పని చెడుతుంది, చేతులకు గాయాలూ అవుతాయి.

డ్రాయింగ్ ముందే ఇవ్వాలా, దాచాలా?

మీరు నేరుగా అడగలేదు కానీ, ఇది తప్పకుండా ఎదురవుతుంది. పూర్తిగా దాచితే పిల్లలకు టెన్షన్, సాధనకు ఒక గురి ఉండదు. పూర్తిగా ఇచ్చేస్తే అదే ముక్కను వందసార్లు చేయించి కొలతలన్నీ బట్టీ పట్టిస్తారు. బాగా తయారుచేసి పంపిన జట్టు ఒకటి, పోటీ రోజు స్విచ్‌ల మధ్య దూరం మారిందని చెప్పగానే ఆగిపోవడం నేను చూశాను. చేతులు బ్రహ్మాండంగా నడుస్తున్నాయి, డ్రాయింగ్ చదవడం మాత్రం వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

వరల్డ్‌స్కిల్స్‌లో చాలా ట్రేడ్‌లకు పనిని ముందుగా ప్రకటించి, పోటీకి వచ్చేసరికి సుమారు 30 శాతం మారుస్తారు. వరల్డ్ రోబో ఒలింపియాడ్‌లో కూడా పోటీ రోజు ఉదయం ఒక కొత్త నిబంధన ప్రకటించే పద్ధతి ఉంది. స్కూలుకు ఇదే సరైన దారి. పని ఏమిటో ముందే చెప్పండి, మార్పు ఉంటుందని కూడా చెప్పండి, ఏ మార్పో చెప్పకండి. ఒక కొలత మారవచ్చు, ఇంకో బల్బు చేరవచ్చు, కాజాలు నిలువుకు బదులు అడ్డంగా రావచ్చు. అప్పుడు సాధన చేయించే టీచర్లు కూడా రకరకాలుగా చేయిస్తారు.

జట్లు, అమ్మాయిలు, పనిముట్లు

కలిసి పనిచేయడం నేర్పాలని చాలామంది మొదటే జట్టు పోటీలు పెడతారు. స్కూలు పిల్లల విషయంలో ముందు ఒక్కొక్కరికి విడిగా పోటీ పెట్టి, ఆ తర్వాతే జట్ల దగ్గరికి వెళ్లమని నా సలహా. కారణం కళ్లతో చూసిందే. నలుగురి జట్టులో ఇద్దరు పనిముట్లు పట్టుకుంటారు, ఒకరు సామాను అందిస్తారు, ఒకరు చార్టు రాస్తారు. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసిన జట్టులో చార్టు రాసేది దాదాపు ఎప్పుడూ అమ్మాయే. అందమైన చేతిరాత ఉందని మెచ్చుకుని మరీ ఆ పని అప్పగిస్తారు. సర్టిఫికెట్ నలుగురికీ వస్తుంది కానీ స్క్రూడ్రైవర్ తిప్పింది ఇద్దరే.

జట్టు పోటీ పెట్టి తీరాలంటే పనిని విడగొట్టి, గంట కొట్టగానే చేతులు మారాలన్న నియమం పెట్టండి. ఎవరి వంతులో ఏ భాగం జరిగిందో రాయించండి. అలాగే "అమ్మాయిలకు కుట్లు, అబ్బాయిలకు వైరింగ్" అని పేర్లు రాసుకునే కాగితాలు పంచకండి. సాధన వారాల్లో అందరూ అన్ని బల్లల దగ్గరా పనిచేశాక, ఎవరు దేనిలో పోటీపడాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి. కాజాలు అద్భుతంగా కుట్టే అబ్బాయిలూ, ఆకురాయి పట్టే అమ్మాయిలూ అప్పుడే బయటపడతారు.

రోబోటిక్స్ గురించి ఒక మాట. రోబో పోటీలు మంచివే. అమెరికాలో ఆవిష్కర్త డీన్ కామెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ సంస్థ 1992లో 28 జట్లతో ఒక స్కూలు జిమ్‌లో మొదటి పోటీ పెట్టింది. అది ఎన్నో దేశాలకు పాకి ఎంతోమంది పిల్లలను ఇంజినీరింగ్ వైపు తీసుకొచ్చింది. కానీ కిట్టు ఎవరిది వాళ్లు తెచ్చుకునే పోటీల్లో ఖరీదైన కిట్టు ఉన్న స్కూలు మొదటి రోజే ముందుంటుంది. మీ దగ్గర అందరికీ ఒకే కిట్టు ఇచ్చే వీలుంటే పెట్టండి. లేకపోతే వైరింగ్ బోర్డుతో మొదలుపెట్టడంలో ఏ లోటూ లేదు.

భద్రత

ఇందులో రాజీ వద్దు. స్కూలు పోటీలో ఇంటి కరెంటు వాడకూడదు, 12 వోల్టులు చాలు. తిరిగే కరెంటు రంపాలు, గ్రైండర్లు పిల్లల చేతికి ఇవ్వకూడదు. చేతి రంపం, ఉలి, ఆకురాయి పట్టేవాళ్లకు కళ్లద్దాలు తప్పనిసరి. పిడిలేని ఆకురాయి అస్సలు ఇవ్వకండి, దాని తోక అరచేతిలోకి దిగుతుంది. జుట్టు ముడివేయాలి, చున్నీ బిగించుకోవాలి, కాళ్లకు బూట్లుండాలి. సోల్డరింగ్ (లోహం కరిగించి వైర్లు అతికించడం) పెడితే ఐరన్ మొన 300 డిగ్రీలకు పైగా వేడెక్కుతుందని గుర్తుంచుకుని ఒక్కో ఐరన్‌కూ స్టాండు ఇవ్వండి, కిటికీలు తెరవండి, సీసం లేని సోల్డర్ తీసుకోండి. ప్రథమ చికిత్స పెట్టె, దాన్ని వాడటం తెలిసిన మనిషి గదిలోనే ఉండాలి.

పని మొదలయ్యే ముందు ప్రతి బల్ల దగ్గరా పనిముట్ల తనిఖీ జరగాలి. ప్రమాదకరంగా పనిచేస్తున్న పిల్లవాడిని ఆపి, సరిచేసి, మళ్లీ కొనసాగించే అధికారం ఒకే ఒక్క మనిషికి ఇవ్వండి. ఆ మనిషి మార్కులు వేయకూడదు. పని అయ్యాక బల్ల ఊడ్చి, పనిముట్లు ఎక్కడివక్కడ సర్దడానికి కూడా మార్కులు పెట్టండి. పరిశ్రమల్లో పనిచేసేవాళ్లకు కూడా ఈ అలవాటు అవసరం.

బహుమతులు

పోటీలంటేనే ఇష్టపడని ఉపాధ్యాయులు ఉంటారు. వాళ్ల అభ్యంతరం తీసిపారేయాల్సింది కాదు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధం. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి "గీస్తే మెచ్చుకోలు పత్రం ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తర్వాత ఖాళీ సమయంలో చూస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు బొమ్మలు గీస్తూ గడిపిన సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. బహుమతి కోసం చేసిన పని, బహుమతి లేనప్పుడు ముచ్చటగా అనిపించలేదన్నమాట.

అందుకే బహుమతిని పెద్దది చేయకండి, ముందునుంచీ ఊదరగొట్టకండి. నేను చేయించేది ఇది. మార్కుల్లో ఒక గీత గీస్తాం. గీత దాటిన ప్రతి ఒక్కరికీ సర్టిఫికెట్ వస్తుంది. అందులో "ప్రథమ స్థానం" అని ఉండదు, "రెండు స్విచ్‌లతో ఒక బల్బును నియంత్రించే సర్క్యూట్‌ను డ్రాయింగ్ చూసి స్వయంగా బిగించగలరు" అని ఉంటుంది. వరల్డ్‌స్కిల్స్‌లో కూడా పతకాలకు తోడు, నిర్ణీత స్థాయి అందుకున్నవాళ్లకు విడిగా మెడలియన్ ఇస్తారు. అందరికంటే బాగా చేసినవాళ్లకు ఏదైనా ఇవ్వాలనుకుంటే షీల్డు బదులు మంచి పనిముట్టు ఇవ్వండి. మూలమట్టమో, వైర్ స్ట్రిప్పరో, మంచి కత్తెరో. అది చేతిలో ఉన్న పిల్లవాడు దాన్ని వాడకుండా ఉండలేడు.

గీత దాటని పిల్లల సంగతి ఇంకా ముఖ్యం. వారంలోపు ప్రతి ఒక్కరికీ వాళ్ల మార్కుల కాగితం, వాళ్లు చేసిన ముక్క తిరిగి ఇచ్చేయండి. ఎక్కడ మార్కు పోయిందో ఆ ముక్క మీదే చూపించండి. నెల తర్వాత మళ్లీ ప్రయత్నించే అవకాశం ఇవ్వండి, అప్పుడు గీత దాటితే అదే సర్టిఫికెట్. రెండోసారి వచ్చే పిల్లల పనిలో కనబడే మెరుగుదల చూస్తే మీకు ఎంత సంతోషమవుతుందో!

కొద్దిమందినే తయారుచేసే ప్రమాదం

పై స్థాయి పోటీలకు పంపడం మొదలయ్యాక ఏ స్కూలుకైనా వచ్చే జబ్బు ఇది. గెలిచే అవకాశమున్న ఒకరిద్దరిని ఎంచుకుని, సామానంతా, ఇన్‌స్ట్రక్టర్ సమయమంతా వాళ్ల మీద పెట్టి, మిగతా పిల్లలను ప్రేక్షకులను చేస్తారు. గోడ మీద పతకం వేలాడుతుంది, వర్క్‌షాప్‌కు తాళం పడి ఉంటుంది. యాజమాన్యం గనక "ఎన్ని పతకాలు వచ్చాయి" అని అడిగితే, దానితోపాటు "ఎంతమంది గీత దాటారు" అనే లెక్క కూడా మీరే ముందుగా వాళ్ల ముందు పెట్టండి. ఏటా ఆ రెండో అంకె పెరగాలి. పై స్థాయికి వెళ్లే విద్యార్థి కింది తరగతి పిల్లలకు వారానికో గంట నేర్పాలన్న నియమం కూడా పెట్టవచ్చు. నేర్పేటప్పుడు వాళ్ల పనికూడా పదునెక్కుతుంది.

తల్లిదండ్రులను పని జరుగుతుండగా పిలవండి

బహుమతుల సభకు పిలిస్తే వాళ్లు ఉపన్యాసాలు వింటారు. పని జరుగుతున్న గదికి పిలిస్తే తమ పిల్లల చేతులు చూస్తారు. తాడు కట్టి, తాడు అవతలి నుంచి చూడనివ్వండి, మాట్లాడనివ్వకండి. ప్రతి బల్ల పక్కనా ఈ పని ఏమిటో, దీన్ని ఏ ఉద్యోగాల్లో వాడతారో రాసిన కాగితం ఉంచండి. వీలైతే ఆ పనితో బతుకుతున్న ఎలక్ట్రీషియన్‌నో, టైలర్‌నో జడ్జిగా కూర్చోబెట్టండి. చదువు రాని పిల్లలకే చేతిపని అనే అభిప్రాయం వాదించినంత మాత్రాన పోదు. క్లాసులో ముందుండే పిల్లలు కూడా అదే బల్ల దగ్గర చెమటోడుస్తూ కనబడినప్పుడు కాస్త కదులుతుంది.

పనిముట్లు చాలకపోతే

చివర్లో మీరు రాసిన ఇబ్బంది ఇదే: పనిముట్లు పది మందికే ఉన్నాయి, పిల్లలేమో మూడు తరగతుల వాళ్లు. మొదటి ఏడాది ఒకే ట్రేడ్ పెట్టుకోండి, వైరింగ్ అయితే మేలు. ఎనిమిది వారాలు కేటాయించండి. మొదటి వారం మీరో, ఇన్‌స్ట్రక్టరో పిల్లల ముందు ఆ బోర్డును మొదటినుంచి చివరిదాకా చేసి చూపించండి, మార్కుల కాగితంతో దాన్ని పిల్లల చేతే తనిఖీ చేయించండి. ఆ తర్వాత పదేసిమంది బృందాలు వంతులవారీగా బోర్డు దగ్గర పనిచేయాలి. ఆ వారం వంతు లేనివాళ్లు డ్రాయింగ్ గీస్తారు, లేదా వేరేవాళ్ల బోర్డుకు మార్కులు వేస్తారు. ఆరో వారానికి ప్రతి విద్యార్థీ కనీసం రెండుసార్లు పూర్తిగా చేసి ఉండాలి. ఏడో వారం తరగతుల్లో తొలి రౌండ్, అదీ అందరికీ. ఎనిమిదో వారం తుది పోటీ, లోపం కనిపెట్టే పోటీ కూడా అప్పుడే. వాడిన వైర్లు కోసి పారేయకుండా పొడవు ప్రకారం కట్టలు కట్టి దాచండి. పొడవైన ముక్కలు తుది పోటీకి, పొట్టివి తొడుగు తీసే సాధనకు పనికొస్తాయి.

మార్కుల కాగితం తయారుచేశాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. అందులో కొలవలేని అంశం ఏదైనా ఉంటే ముందే తీసేద్దాం.